‘రాకీ’ రెండవ భాగం: గుణదోష విచారణ

కథ నచ్చినప్పుడు ‘ఆ తరువాత ఏమయింది?’ అని అడగడం శ్రోతల స్వభావం. ఉర్దూ దాస్తాన్‌గోలు ఈ స్వభావాన్ని చక్కగా ఎరిగినవారు. లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయం అచ్చువేసిన అమీర్ హంజా దాస్తాన్ 46 సంపుటాలకు విస్తరించడానికి ఈ ప్రశ్నే మూలం. తెలుగులో తిక్కన సోమయాజి తన తొలి కావ్యానికి వస్తువుగా వనవాసాన్ని తీసుకోలేదు, రావణవధను తీసుకోలేదు. పట్టాభిషేకం పిమ్మటి కథను తీసుకొని ‘నిర్వచనోత్తర రామాయణం’ రచించాడు. విజయోత్సవం ముగిసి, తోరణాలు వాడిపోయి, జనం ఇళ్లకు వెళ్లిపోయిన తరువాత వీరుని జీవితం ఏ విధంగా సాగుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పబూనిన రచయితకు పూర్వకథ చెప్పినవానికి లేని చిక్కులు ఎదురవుతాయి. పాత్రలు ముందే తెలిసినవి. ప్రేక్షకుల ఆశలు ముందే ఏర్పడినవి. పాత రుచిని మళ్లీ కోరేవారు ఒక వైపు, కొత్తదనం ఎక్కడ అని అడిగేవారు మరొక వైపు.

1979 జూన్ మాసంలో అమెరికాలో విడుదలైన ‘రాకీ – 2’ అనే ముష్టియుద్ధ చిత్రాన్ని ఈ దృష్టితో పరిశీలించాలని మా సంకల్పం. నేటి విద్యార్థులలో పలువురు ఈ చిత్రంలోని సాధన దృశ్యాలను, సంగీతాన్ని తునకలు తునకలుగా చూసి ఉంటారు. చిత్రాన్ని ఆసాంతం చూసినవారు తక్కువ. ఆసాంతం చూస్తే అందులో మెచ్చుకోదగినది ఏదో, నొచ్చుకోదగినది ఏదో స్పష్టపడుతుంది. ఆ రెండూ మనం సాధారణంగా అనుకొనే చోట లేవని మా అభిప్రాయం.

ముందుగా పూర్వకథ. 1976లో వచ్చిన మొదటి ‘రాకీ’ చిత్రానికి రచయిత, కథానాయకుడు సిల్వెస్టర్ స్టాలోన్. దర్శకుడు జాన్ జి. ఆవిల్డ్‌సెన్. నిర్మాణానికి అయిన వ్యయం సుమారు 10 లక్షల డాలర్లు. హాలీవుడ్ లెక్కలో అది స్వల్పమే. ఫిలడెల్ఫియా నగరంలో ఇటలీ నుండి వలస వచ్చిన కుటుంబాల పేటలో రాకీ బల్బోవా అనే పేద బాక్సరు నివసిస్తూ ఉంటాడు. ఒక వడ్డీ వ్యాపారి తరఫున బాకీలు వసూలు చేయడం అతని బతుకుతెరువు. అపోలో క్రీడ్ అనే జగజ్జేతకు ఎదురు నిలవవలసిన యోధుడు గాయపడగా, అమెరికా స్వాతంత్ర్యానికి 200 సంవత్సరాలు నిండుతున్న సందర్భంలో ఒక అనామకునికి అవకాశం ఇస్తే వేడుకగా ఉంటుందని అపోలో భావిస్తాడు. ఆ అనామకుడే రాకీ. పదిహేను రౌండ్లూ పడిపోకుండా నిలబడితే చాలునని అతని కోరిక, నిలబడతాడు. న్యాయనిర్ణేతల అభిప్రాయం చీలి, గెలుపు అపోలోకే దక్కుతుంది. ఆ ప్రకటనను రాకీ చెవిన పెట్టడు. ప్రేయసి ఏడ్రియన్ పేరు పిలుస్తూ ఉంటాడు. ఈ చిత్రం పది ఆస్కార్ ప్రతిపాదనలు పొంది, ఉత్తమ చిత్రం, దర్శకత్వం, కూర్పు అనే మూడు బహుమతులను గెలుచుకొన్నది.

ఈ కథకు ప్రేరణ నిజమైన ఒక పోటీ. 1975 మార్చి 24న ఒహాయో రాష్ట్రంలో చక్ వెప్నర్ అనే యోధుడు మహమ్మద్ అలీని ఎదుర్కొన్నాడు. అతడు గెలుస్తాడని ఎవరూ అనుకోలేదు. తొమ్మిదవ రౌండులో అలీ నేలకు ఒరిగాడు. చివరి రౌండులో ఇంకా 19 సెకన్లు మిగిలి ఉండగా రిఫరీ పోటీని ఆపి అలీని విజేతగా ప్రకటించాడు. వెప్నర్ ఓడిపోయినా ఆ రాత్రి ప్రేక్షకుల మనసులలో నిలిచిపోయాడు. అపోలో క్రీడ్ మాటతీరులో, పరిహాసంలో, ప్రత్యర్థిని ఎత్తిపొడిచే ధోరణిలో అలీ పోలికలు ఉన్నవని వేరుగా చెప్పనక్కరలేదు. ఈ విషయానికి మేము మళ్లీ రావలసి ఉన్నది.

రెండవ భాగానికి రచనతో పాటు దర్శకత్వం కూడా స్టాలోనే వహించాడు. మొదటి కథ ముగిసిన రాత్రి నుండే ఇది ఆరంభమవుతుంది. యోధులు ఇద్దరూ ఒకే ఆసుపత్రికి చేరుతారు. విలేకరుల ఎదుట అపోలో కేకలు వేస్తూ మళ్లీ పోటీకి రమ్మంటాడు. అదే రాత్రి, ఎవరూ లేని సమయంలో, చక్రాల కుర్చీలో రాకీ అపోలో గదికి వెళ్లి, నాతో నీ శక్తినంతా ధారపోసి పోరాడినావా అని అడుగుతాడు. అవునని అపోలో జవాబు. అంతే సంభాషణ. ఈ చిత్రం మొత్తంలో మాకు మిక్కిలి నచ్చిన ఘట్టాలలో ఇది ఒకటి. పగలు లోకం ముందు శత్రువులుగా కనబడేవారికి రాత్రి ఒకరి శ్రమ ఒకరికే తెలుసు. దెబ్బ తిన్నవానికి దాని విలువ దెబ్బ కొట్టినవాడే చెప్పగలడు.

ఆ తరువాతి గంటసేపు ఈ చిత్రానికి ప్రాణం. రాకీకి మొదటి పోటీ వల్ల ధనం వచ్చింది. ఏడ్రియన్‌ను పెండ్లాడుతాడు, ఇల్లు కొంటాడు, కారు కొంటాడు, దానిని సరిగా నడపడం కూడా రాకుండానే, గడియారాలు, చర్మపు కోటు కొంటాడు. డబ్బు ఎప్పుడూ చూడని చేతులలో డబ్బు పడితే ఏమవుతుందో దర్శకుడు ఎగతాళి చేయకుండా, జాలి కోరకుండా చూపించాడు. రాకీ దుర్వ్యసనపరుడు కాడు. తనవారికి మంచి వస్తువులు ఇవ్వాలన్న ఆశ ఒక్కటే అతని దోషం. గల్ఫ్ దేశాల నుండి సెలవుపై వచ్చిన మొదటి నెలలో బంధువులందరికీ బహుమతులు పంచి, తిరుగు ప్రయాణానికి అప్పు చేసేవారిని మన పట్టణాలలో చూసినవారికి ఈ దృశ్యాలు కొత్తగా తోచవు.

డబ్బు కరగడం ఆరంభమైనప్పుడు అసలు కష్టం బయటపడుతుంది. పేరు వచ్చింది గనుక వాణిజ్య ప్రకటనలలో నటించమని పిలుపు వస్తుంది. క్షౌరం తరువాత పూసుకొనే పరిమళద్రవ్యం కోసం అతనికి ఆదిమానవుని వేషం వేసి, అట్టల మీద పెద్ద అక్షరాలతో రాసిన వాక్యాలను చూసి చదవమంటారు. రాకీ చదవలేడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు ప్రయత్నిస్తాడు, మాట తడబడుతుంది, చిత్రీకరణ దర్శకుడు అందరి ఎదుట అతన్ని అవమానిస్తాడు. పదిహేను రౌండ్లు జగజ్జేత పిడికిళ్లకు తల ఒగ్గినవాడు నాలుగు వాక్యాల ముందు తలదించుకొంటాడు. ఈ దృశ్యంలో ఒక్క దెబ్బ లేదు, రక్తం లేదు. అయినను చిత్రంలోని కఠినమైన ఓటమి ఇదేనని మేము భావిస్తున్నాము.

పిమ్మట అతడు కార్యాలయ ఉద్యోగాల కోసం తిరుగుతాడు. ఎంతవరకు చదివినావని అడుగుతారు. తొమ్మిదవ తరగతి దాటలేదు. మర్యాదగానే నిరాకరిస్తారు. ఆ మర్యాద అతనికి మరింత బాధ కలిగిస్తుంది. చివరకు మాంసం నిల్వచేసే కర్మాగారంలో మోతపని దొరుకుతుంది. పనివారిని తగ్గించవలసి వచ్చినప్పుడు ఆ పనీ పోతుంది. తాను పెరిగిన వ్యాయామశాలలోనే నేల ఊడ్చి, బకెట్లు మోసే స్థితికి వస్తాడు. మొన్నటి వరకు అతని పేరు జపించిన కుర్రవాళ్లే పక్కకు తిరిగి నవ్వుకొంటారు. కడుపుతో ఉన్న ఏడ్రియన్, తాను పూర్వం పనిచేసిన పెంపుడు జంతువుల దుకాణంలో మళ్లీ చేరుతుంది. కారు బావమరిది పాలీ చేతికి పోతుంది.

మా కళాశాల వంటి చోట, ఇంట్లో మొదటి తరం చదువరులుగా వచ్చిన విద్యార్థులు పలువురు ఉన్న చోట, ఈ దృశ్యాలకు ప్రత్యేకమైన అర్థం ఉన్నది. దరఖాస్తు కాగితాన్ని చదివించుకోవడానికి పక్కవాని మొహం చూసిన పెద్దలు మన ఇళ్లలో ఉన్నారు. చదువు రాకపోవడం తెలివిలేకపోవడం కాదని వాళ్లను చూసినవారికి ఎవరూ చెప్పవలసిన పని లేదు. ఈ చిత్రం ఆ తేడాను పాటించింది. రాకీని మూర్ఖునిగా చూపి నవ్వించే అవకాశం అడుగడుగునా ఉన్నది. కొన్నిచోట్ల నవ్వించింది కూడా. కాని ఆ నవ్వు అతన్ని చులకన చేయదు. భార్య దగ్గర అతడు చదవడం నేర్చుకొంటాడు. తరువాత ఆమె స్పృహ తప్పి ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు పక్కన కూర్చుని తడుముకొంటూ పుస్తకం చదివి వినిపిస్తాడు. ప్రకటన చిత్రీకరణలో చదవలేకపోయిన ఆ కంఠమే ఇక్కడ చదువుతున్నది. రచయిత ఈ రెండు దృశ్యాలను కలిపి చూపించడానికి ఏ ప్రయత్నమూ చేయలేదు, చూసేవాడే కలుపుకోవాలి.

అపోలో పక్షం కూడా ఈ భాగంలో శ్రద్ధగా తీర్చబడింది. మొదటి పోటీలో తీర్పు తనకే వచ్చినా, అది ముందే కుదుర్చుకొన్న నాటకమని నిందిస్తూ అతనికి ఉత్తరాలు వస్తూ ఉంటాయి. రాత్రివేళ ఆ ఉత్తరాలను చదువుకొంటూ కూర్చుంటాడు. పక్క గదిలో పిల్లలు. భార్య వద్దని వారిస్తుంది. గెలిచినవానికి గెలుపు చాలకపోవడం, ఓడినవానికి కీర్తి దక్కడం – ఈ తారుమారు అతనిని తినివేస్తున్నది. రాకీని పిరికికోడిగా చిత్రించి పత్రికలలో వేయించడం దుర్మార్గమే గాని, ఆ దుర్మార్గానికి వెనుక ఉన్న గాయం మనకు కనబడుతున్నది. కార్ల్ వెదర్స్ నటన ఇక్కడ ప్రశంసనీయం. ఆయన 2024 ఫిబ్రవరిలో మరణించినప్పుడు వచ్చిన నివాళులలో అధికభాగం ఈ పాత్రను తలచుకొన్నవే.

ఇక దోషాలు. రాకీకి మొదటి పోటీలో కుడి కన్ను దెబ్బతిన్నది. మళ్లీ పోటీలో దిగితే చూపు పోగలదని వైద్యుల హెచ్చరిక. వృద్ధ శిక్షకుడు మిక్కీ – బర్జెస్ మెరిడిత్ ధరించిన ఈ పాత్రను మన పాతబస్తీ తాలీంఖానాల ఉస్తాదులతో పోల్చవచ్చును – రాకీ మొహానికి కుడివైపు నుండి చెయ్యి విసిరి, అది అతనికి కనబడలేదని రుజువు చేసి, ఇక వద్దంటాడు. తరువాత మనసు మార్చుకొని, ఉపాయం చెబుతాడు. ఈ ఉపాయం అర్థం కావాలంటే బాక్సింగులో నిలబడే తీరు కొంచెం తెలియాలి. కుడిచేతివాటం గలవాడు ఎడమ పాదం, ఎడమ భుజం ముందుకు పెట్టి, బలమైన కుడిచేతిని వెనుక సిద్ధంగా ఉంచుకొంటాడు. ఎడమచేతివాటం గలవాని తీరు దీనికి అద్దంలో ప్రతిబింబం వంటిది, కుడివైపు ముందుంటుంది. రాకీ ఎడమచేతివాటం మనిషి. కాబట్టి అతని దెబ్బతిన్న కుడి కన్ను ప్రత్యర్థికి చేరువగా ఉంటున్నది. అతన్ని కుడిచేతివాటం మనిషి వలె నిలబెడితే ఆ కన్ను వెనుకకు పోతుంది. అపోలో సాధన చేసి వచ్చిన లెక్కలూ తప్పుతాయి. చివరి రౌండులో హఠాత్తుగా పాత తీరుకు మారితే, ఎదురుచూడని ఎడమచేయి తగులుతుంది.

ఉపాయం బాగున్నది, కథనానికి ఉపకరించింది. కాని కన్ను సంగతి? చూపు పోతుందన్న భయాన్ని పెంచి, ప్రేక్షకుని గుండె బరువెక్కించి, పోటీ ముగియగానే చిత్రం దానిని మరచిపోయింది. విషాదాన్ని అప్పుగా తెచ్చి తీర్చకుండా వదిలిపెట్టినట్లయింది. బాక్సింగు దెబ్బలకు లెక్క ఎక్కడో ఒకచోట తేలుతుంది. 1982 నవంబరు 13న లాస్ వేగాస్‌లో కొరియా యువకుడు డుక్ కూ కిమ్, పదునాలుగవ రౌండులో తిన్న దెబ్బతో స్పృహ కోల్పోయి, కొన్ని రోజులకు మరణించాడు. ఆ దుర్ఘటన పిమ్మట ప్రపంచ బాక్సింగ్ కౌన్సిల్ టైటిల్ పోటీలను పదిహేను రౌండ్ల నుండి పన్నెండుకు తగ్గించింది. తక్కిన సంస్థలు క్రమంగా అనుసరించినవి. మహమ్మద్ అలీకి 1984లో పార్కిన్సన్ వ్యాధి నిర్ధారణ అయింది. మన నిజామాబాదు నుండి వెళ్లి 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేతగా నిలిచిన నిఖత్ జరీన్ పోటీపడేది మూడు నిమిషాల రౌండ్లు మూడింటిలో మాత్రమే. ఆమెను చూసి చేతొడుగులు తొడుక్కొన్న మన బాలికలు ‘రాకీ’లోని పదిహేను రౌండ్లను ఆదర్శంగా గ్రహించరాదు.

రెండవ దోషం ఏడ్రియన్ పాత్రకు జరిగిన అన్యాయం. మొదటి చిత్రంలో టాలియా షైర్ ఈ పాత్రను మాటల కంటె మౌనంతో మలచింది. సిగ్గుతో ముడుచుకొన్న మనిషి క్రమంగా తల ఎత్తడం అక్కడ కథలో సగం. రెండవ భాగం మొదటి సగంలో ఆమెకు ఒక దృఢమైన అభిప్రాయం ఉన్నది: భర్త మళ్లీ బరిలో దిగరాదు. ఇది భయం మాత్రమే కాదు, వివేకం. చిత్రంలో రాకీ ప్రాణాన్ని గూర్చి లెక్కవేసి మాట్లాడే మనిషి ఆమె. ఇటువంటి మాటకు కథ జవాబు చెప్పాలి. చెప్పలేక ఆమెను స్పృహ తప్పించింది. అన్నతో వాగ్వాదం, అకాల ప్రసవం, రోజుల తరబడి మగత. మేల్కొన్న తరువాత ఆమె భర్తను దగ్గరకు పిలిచి, గెలువుమని చెబుతుంది. సినిమా హాళ్లలో ఈ మాటకు చప్పట్లు మోగినవి. చప్పట్లు కొట్టినవారిని మేము తప్పు పట్టము. ఆ క్షణంలో గంట మోగినట్లు సంగీతం ఎత్తుకోవడంతో మనిషి ఒళ్లు తనంతట తానే పులకిస్తుంది. కాని ఆమె అభిప్రాయం ఎందుకు మారిందో ఎవరూ చెప్పలేదు. అభ్యంతరం చెప్పిన స్త్రీని నిద్రపుచ్చి, లేపి, అంగీకరింపజేయడం మన చిత్రాలలో కూడా పాత మర్యాదే గనుక మనకు అంతగా వింతగా తోచదు.

అయితే ఆ ఆసుపత్రి ఘట్టంలోనే ఒక మంచి దృశ్యం ఉన్నది. రాకీ రాత్రింబవళ్లు అక్కడి చిన్న ప్రార్థనామందిరంలో కూర్చుంటాడు; కన్నబిడ్డను కూడా తల్లి మేలుకొన్నాకనే చూస్తానంటాడు. సాధన చెడిపోతున్నదని మిక్కీ కేకలు వేయడానికి వస్తాడు, వేస్తాడు కూడా. రాకీ కదలకపోయేసరికి, నీవు ఇక్కడే ఉంటే నేనూ ఇక్కడే ఉంటానని పక్కన కూర్చుంటాడు. మతం ఏదైనా, ఆపదలో మౌనంగా పక్కన కూర్చునే మనిషి విలువ ఎరిగినవారికి ఇక్కడ కంట తడి పెట్టకుండా ఉండటం కష్టం.

మూడవ దోషం పునరుక్తి. మొదటి చిత్రంలో ఉన్న మెట్లు ఇక్కడా ఉన్నవి – ఫిలడెల్ఫియా కళాప్రదర్శనశాల ముందరి 72 మెట్లు – సాధన, సంగీతం, పదిహేను రౌండ్ల క్రమం అన్నీ మళ్లీ వస్తాయి. బిల్ కాంటి సంగీతం ఎంత గొప్పదైనా రెండవసారి వడ్డించిన విందే. ఒక మార్పు మాత్రం ఉన్నది. మొదట ఒంటరిగా పరుగెత్తినవాని వెంట ఈసారి నగరంలోని పిల్లలు గుంపులు గుంపులుగా పరుగెత్తుతారు. చూడటానికి ఉత్సాహంగా ఉన్నది. కాని చీకటి తెల్లవారుజామున, చలిలో, ఎవరూ చూడకుండా రొప్పుతూ మెట్లెక్కిన ఆ మొదటి రాకీ మనలో ఒకడు. ఈ రెండవ రాకీ ఊరేగింపులో వీరుడు. అతి వేగం అలవడడానికి కోడిపెట్టను తరిమి పట్టుకోమని మిక్కీ ఆజ్ఞాపించే దృశ్యం మాత్రం కొత్తది, నవ్వు తెప్పించేది. పల్లెలో పుట్టిన మన విద్యార్థులకు ఈ విద్యలో ప్రత్యేక శిక్షణ అవసరం లేదు.

ఇప్పుడు ముగింపు. పోటీలో పాయింట్ల లెక్కన అపోలో ముందున్నాడు. చివరి రౌండులో దూరంగా ఉండుమని, తీర్పు నీదేనని అతని శిక్షకుడు చెబుతాడు. అపోలో వినడు. తీర్పు వల్ల వచ్చిన గెలుపే గదా అతనిని ఇన్నాళ్లు వేధించింది! దగ్గరకు పోతాడు, రాకీ ఎడమచేతికి మారుతాడు, ఇద్దరూ ఒకేసారి కూలుతారు. రిఫరీ అంకెలు లెక్కపెడతాడు. పది అనేలోగా ఒక్కడే లేస్తే అతడు విజేత. ఇద్దరూ లేవకపోతే గెలుపు ఎవరిదీ కాదు. తాళ్లు పట్టుకొని రాకీ లేస్తాడు. అపోలో సగం లేచి పడిపోతాడు. రాకీ జగజ్జేత అవుతాడు.

కథాసంవిధానం దృష్ట్యా ఇది నేర్పుగలది. అపోలోకు అపకీర్తి రాలేదు. తన అహంకారమే తన్ను ఓడించింది. రాకీ గెలుపు వెంట్రుకవాసిలో వచ్చింది. అయినను మొదటి చిత్రం అడిగిన ప్రశ్న ఇది కాదు. గెలవకుండానే మనిషి తన విలువను తాను తెలుసుకోగలడా అని అది అడిగింది, తెలుసుకోగలడని చెప్పింది. రెండవ భాగం మొదటి గంటలో మరింత కఠినమైన ప్రశ్న వేసింది: ఆ విలువతో బియ్యం వస్తాయా? చదువు లేనివానికి, చేతిలో వేరే పని లేనివానికి లోకం ఏమి ఇస్తుంది? ఈ ప్రశ్నకు నాకౌటు సమాధానం కాదు. ఇంకొక పోటీ గెలిస్తే ఇంకొక మూట డబ్బు వస్తుంది. అట్టల మీది అక్షరాలు అట్లే ఉంటాయి.

మహమ్మద్ అలీ ఈ చిత్రాన్ని చూశాడు. 1979లో రోజర్ ఎబర్ట్ అనే సుప్రసిద్ధ విమర్శకునితో కలిసి చూస్తూ ఆయన చేసిన వ్యాఖ్యలు పత్రికలో అచ్చయినవి. భార్యకు సుస్తీగా ఉన్నప్పుడు యోధునికి పోరాటం మీద మనసు నిలవదన్న మాట యథార్థమని, తనకూ అటువంటి అనుభవం ఉన్నదని చెప్పాడు. చిత్రం గొప్పదని, బాగా ఆడుతుందని మెచ్చుకొన్నాడు. ఆపైన చెప్పినది విద్యార్థులు గుర్తుపెట్టుకోదగినది: చివరకు నల్లవాడు పైచేయి కావడం అమెరికా నేర్పిన పాఠాలకు విరుద్ధమని, బరిలో తాను నిలిపిన రూపానికి విరుగుడుగా తెర మీద ఒక తెల్లవాని రూపాన్ని సృష్టించవలసి వచ్చిందని. ఇది అసూయతో అన్న మాట కాదు. 1977 ఆస్కార్ వేదిక మీద స్టాలోన్ పక్కకు హఠాత్తుగా వచ్చి, నా కథ దొంగిలించినావని సరదాగా ఆటపట్టించినవాడు కూడా ఆయనే. నవ్వుతూ అన్న మాటకు రెండేళ్ల తరువాత వివరణ ఇచ్చాడని అనుకోవచ్చును.

అపోలో పాత్రకు అలీ నాలుక ఇచ్చారు. అలీ అంతరాత్మను ఇవ్వలేదు. 1964లో తన మతాన్ని, తన కొత్త పేరును లోకానికి ప్రకటించినవాడు అలీ. 1967లో వియత్నాం యుద్ధానికి పోనని సైన్యంలో చేరడానికి నిరాకరించి, బిరుదు పోగొట్టుకొని, మంచి వయసులో మూడేళ్లకు పైగా బరికి దూరమైనవాడు. 1971లో సుప్రీంకోర్టు ఆయన శిక్షను రద్దు చేసింది. పోయిన ఏండ్లు తిరిగి రాలేదు. మొదటి చిత్రంలో అపోలో బరిలోకి ఏ వేషంలో వచ్చాడో గుర్తు చేసుకోండి: జార్జి వాషింగ్టన్ వేషం, ఆ పిమ్మట చారల టోపీతో అంకుల్ శామ్ వేషం! జెండాను కాదన్నవాని పోలికతో చేసిన బొమ్మకు జెండానే తొడిగారు. ఈ విషయాన్ని గమనించకుండా ‘రాకీ’ చిత్రాలను ఎంత మెచ్చుకొన్నా అది సగం చూపే.

ఫిలడెల్ఫియాలో నిజమైన జగజ్జేత ఒకడు ఉండేవాడు. జో ఫ్రేజియర్; 1971లో అలీని ఓడించినవాడు; యౌవనంలో కసాయిఖానాలో పనిచేస్తూ వేలాడే మాంసం మీద పిడిగుద్దులు సాధన చేసిన నల్లవాడు. రాకీ చేసినవని మనం మెచ్చుకొనే పనులలో కొన్ని ఆయన చేసినవే. ‘రాకీ – 3’ చిత్రం కోసం పోతపోసిన రాకీ కంచు విగ్రహం 2006లో కళాప్రదర్శనశాల మెట్ల చెంత నెలకొన్నది. ఫ్రేజియర్ 2011లో మరణించాడు. ఆ నగరంలో ఆయన విగ్రహం వెలసింది 2015లో.

తరువాతి చిత్రాలను గూర్చి విస్తరించము. మూడవది, నాలుగవది కండల ప్రదర్శనకు, ప్రచారానికి దిగినవి; నాలుగవ దానిలో అపోలోను చంపివేశారు కూడా. 2006లో వచ్చిన ‘రాకీ బల్బోవా’ మళ్లీ మొదటి బాటకు వచ్చింది: ముసలి రాకీ చీలిన తీర్పులో ఓడిపోతాడు, ఆ తీర్పు వినకుండానే బరి దిగి పోతాడు. 2015లో ర్యాన్ కూగ్లర్ అనే నల్లజాతి యువదర్శకుడు తీసిన ‘క్రీడ్’ చిత్రంలో అపోలో కుమారుడు అడోనిస్ రాకీని వెతుక్కొంటూ వస్తాడు. మూడవ చిత్రం చివర మూసిన తలుపుల వెనుక తన తండ్రికీ రాకీకీ జరిగిన రహస్య పోటీలో ఎవరు గెలిచారని అడుగుతాడు. రాకీ మొదట దాటవేసి, తరువాత చెబుతాడు. గెలిచినది అపోలో. ఆ పోటీకి ప్రేక్షకులు లేరు.